షిఫ్టు మీట నొక్కే విద్య: కొత్తగా చేరిన ఆపరేటరుకు

అబ్బాయ్, సిస్టం ముందు కూర్చునే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో. తెలుగు కంపోజింగ్ నీకు వచ్చు, ఫోటోషాపు వచ్చు, కోరల్‌డ్రా వచ్చు. ఇంగ్లిషు రాదని దిగులుపడకు. అది ఈ వీధిలో ఏ డీటీపీ షాపుకీ రాదు, దానివల్ల ఎవరి వ్యాపారమూ ఆగలేదు. నీకు రావలసిందల్లా షిఫ్టు మీట ఎప్పుడు నొక్కాలో తెలియడం. పండగలు, సీజన్లు, ఫంక్షన్లు, మన పొట్టలు నిండేది వీటితోనే కాబట్టి కనీసం వీటి వరకైనా నేర్చుకో.

సూత్రం ఒకటే. ఇంగ్లిషులో పెద్దక్షరం అంటే మన ‘గారు’. పెట్టకపోతే ఎవరు నొచ్చుకుంటారో వాళ్లకి పెట్టాలి. అనుమానం వస్తే పెట్టెయ్యాలి. గారు ఎక్కువైందని షాపు మీదికి గొడవకొచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు.

మన తెలుగుకి ఈ బాధ లేదు. హిందీకి, అరబ్బీకి, చైనావాళ్లకీ లేదు. ఇంగ్లిషుకి మాత్రం పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అని రెండు సెట్లు. వాటిలో ముందు పుట్టినవి పెద్దవే. రోములో ట్రాజన్ చక్రవర్తి స్తంభం ఉంది, క్రీ.శ. 113 నాటిది. దాని అడుగున రాయి మీద చెక్కిన రాతలో ఒక్క చిన్నక్షరం కూడా కనపడదు. రాజుగారు యుద్ధం గెలిచారు, స్తంభం లేచింది, కింద రాజుగారి పేరు, బిరుదులు, పదవులు వరసగా వేశారు. ఏమిటది? ఫ్లెక్సీ! చిన్నక్షరాలు ఒక తీరుకొచ్చింది ఆ తర్వాత దాదాపు ఏడు వందల ఏళ్లకి, షార్లమేన్ రాజు కాలంలో, మఠాల్లో పుస్తకాలు చూసి రాసేవాళ్ల చేతుల్లో. అంటే పెద్దవి రాజుల అక్షరాలు, చిన్నవి రాయసగాళ్ల అక్షరాలు. ఆ స్తంభం రాత చూసి కరోల్ ట్వాంబ్లీ అనే ఆవిడ 1989లో అడోబీ కంపెనీకి ట్రాజన్ అనే ఫాంటు గీసింది. హాలీవుడ్ పోస్టర్ల మీద తెగ వాడతారు. అందులో చిన్నక్షరాలు లేనే లేవు. నన్నడిగితే అంతకంటే భద్రమైన ఫాంటు లేదు, తప్పు చేద్దామన్నా చెయ్యనివ్వదు.

ఇంకో రుజువు కూడా ఉంది. సీసపు అక్షరాల రోజుల్లో కంపోజిటరు ముందు రెండు అరల పెట్టెలుండేవి. పై పెట్టెలో పెద్దవి, కింది పెట్టెలో చిన్నవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అని ఇప్పటికీ మనం అంటున్నది అందుకే. పెద్దవి ఎప్పుడోగాని అక్కర్లేదు కనక చేతికి దూరంగా పైన పెట్టారనీ, చిన్నవాటితో క్షణక్షణం పని కనక దగ్గర పెట్టుకున్నారనీ ఒక ముసలి కంపోజిటరు నాకు చెప్పబోయాడు. నాకు నచ్చలేదు. పైన కూర్చోబెట్టారంటే గౌరవం ఉండబట్టే.

ఈ సూత్రానికి ఎదురుచెప్పినవాడు ఒక్కడే, డల్లాస్ అల్లుడుగారు. మన పాత పార్టీ అల్లుడు. కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు దగ్గర్నుంచి అక్కడి తెలుగువాళ్ల పిక్నిక్ పాంప్లెట్ దాకా డిజైన్లన్నీ మనకే ఇస్తాడు. మనకి పగలు, ఆయనకి రాత్రి. రాత్రంతా ప్రూఫు మీద ఎర్ర గీతలు గీసి పొద్దున్నకల్లా వాట్సాప్‌లో పెడతాడు. “పెద్దక్షరం మర్యాదకి కాదండీ, పేరుకి. ఫలానా రోజుకి అదే పేరైతే పెద్దది, ఉత్త మాటయితే చిన్నది” అంటాడు. ఈ మాట వినడానికి బాగుంటుంది. నువ్వు మటుకు వినకు.

పండగ పక్కన నిలబడ్డవాళ్లు

ఉగాది, దీపావళి, రంజాన్, క్రిస్మస్, బోనాలు, బతుకమ్మ. ఇంగ్లిషులో కొట్టేటప్పుడు వీటన్నిటికీ మొదటక్షరం పెద్దది. ఇంతవరకు ఆయనకీ నాకూ పేచీ లేదు. రిపబ్లిక్ డే, ఇండిపెండెన్స్ డే అన్నప్పుడు డేకి కూడా పెద్దదే. అక్కడా లేదు. పేచీ అంతా పండగ పక్కన వచ్చి నిలబడ్డ మాట దగ్గరే. క్రిస్మస్ ట్రీలో ట్రీ చిన్నదట. కేకు చిన్నదట. క్రిస్మస్ ఈవ్‌లో ఈవ్‌కి మాత్రం పెద్దదట, ఎందుకంటే ఆ రాత్రి పేరే అది. ఈస్టర్ సండేకి రెండూ పెద్దవి, ఈస్టర్ ఎగ్గుకి ఒక్కటే. ఈ లెక్కన ఉగాది పచ్చడిలో పచ్చడి చిన్నది, దసరా సెలవుల్లో సెలవులు చిన్నవి, సంక్రాంతి ముగ్గుల పోటీలో ముగ్గులూ చిన్నవే, పోటీ కూడా చిన్నదే.

పంక్తిభేదం మహాపాపం అబ్బాయ్, నువ్వు మూటగట్టుకోకు. ఉగాది ఆఫర్ అంటే ఆఫర్‌కీ పెట్టు, డిస్కౌంటుకీ పెట్టు, చీరలకీ పెట్టు. కండిషన్స్ అప్లై అన్నదొక్కటే చిన్నక్షరాల్లో వెయ్యి, అదీ పార్టీ ప్రత్యేకంగా అడుగుతాడు కనక.

అమెరికా వాళ్ల ఫోర్త్ ఆఫ్ జులైలో ఆఫ్‌ చిన్నది. మెక్సికో వాళ్ల డే ఆఫ్ ద డెడ్‌లో ఆఫ్, ద రెండూ చిన్నవి. పేరు మధ్యలో ఇరుక్కున్న చిల్లర మాటలకి పెద్దక్షరం అక్కర్లేదని వాళ్ల వాదన. డిజైన్‌లో చూస్తే పన్నూడినట్టుంటుంది. నువ్వు వాటినీ పెద్దవి చేసెయ్.

హ్యాపీ మాత్రం మర్చిపోకు. ఏ పండగైనా ముందు హ్యాపీ పడాలి. గుడ్ ఫ్రైడేకి కూడా. ఏసుప్రభువును శిలువ వేసిన రోజుకి శుభాకాంక్షలేమిటని చర్చి వాళ్లు ప్రూఫు వెనక్కి పంపిస్తారు. పంపిస్తే తీసేద్దాం. పంపకపోతే ఉంటుంది.

ఎండాకాలానికి జరిగిన అన్యాయం

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్, నాలుగూ చిన్నక్షరాలతోనే రాయాలట. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ల స్టైల్‌బుక్కులోనూ అంతే ఉందని, 1906 నుంచి వస్తున్న షికాగో మాన్యువల్‌లోనూ అంతేనని అల్లుడుగారు మెసేజ్ పెట్టాడు. అసోసియేటెడ్ ప్రెస్ అంటే మనలాంటి ప్రెస్సే, పాపం వాళ్లకీ పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిళ్లు పని ఉంటుందనుకున్నాను. వార్తలమ్మే సంస్థట. వార్తలమ్మేవాళ్లకి ఋతువుల సంగతేం తెలుసు?

అదే ఇంగ్లిషులో మంగళవారానికి పెద్దక్షరం. జనవరికి పెద్దక్షరం. ఎందుకయ్యా అంటే ట్యూస్‌డేలో టివ్ అనే పాత యుద్ధదేవుడున్నాడట, థర్స్‌డేలో థోర్ ఉన్నాడట, జనవరిలో జానస్ ఉన్నాడట, జులైలో జూలియస్ సీజర్, ఆగస్టులో అగస్టస్ ఉన్నారట. అంటే సిఫారసు! దేవుడో చక్రవర్తో వెనకాల ఉంటే గారు, లేకపోతే లేదు. సమ్మర్‌కి వెనకాల ఎవరూ లేరు కనక అందరిలో నిలబడమన్నారు. రెంటచింతల ఎండలో మే నెల మధ్యాహ్నం ఒక్క గంట నిలబెడితే ఆ షికాగో వాళ్లు సమ్మర్‌లో ఏడక్షరాలుండాలన్నా ఒప్పుకుంటారు.

పైగా ఇది ఊరంతా ఒప్పుకున్న రూలు కూడా కాదు. ఫ్రెంచివాళ్లు, స్పానిష్ వాళ్లు వారాలకీ నెలలకీ కూడా చిన్నక్షరాలే పెడతారు. జర్మన్లు నామవాచకం కనపడితే చాలు పెద్దక్షరం పెడతారు, ఋతువులకే కాదు, కుర్చీకీ, బల్లకీ, ఉల్లిపాయకీ. మన షాపులో చేరదగ్గ మనుషులు. ఆ మాటకొస్తే ఇంగ్లిషువాళ్లూ ఒకప్పుడు ఇంతే. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాతప్రతి చూడు, వాక్యం మధ్యలో ఎన్ని మాటలు పెద్దక్షరాలతో లేచి నిలబడి ఉంటాయో! తర్వాతెవరో వచ్చి ఆ మర్యాదలన్నీ తగ్గించేశారు. మనం ఆ పాత సంప్రదాయంలో ఉన్నాం, అంతే. ఎవరైనా తప్పంటే ఈ మాట చెప్పు.

దానికీ వినకపోతే కవిత్వం అని చెప్పు. కవులు ఋతువును మనిషిని చేసి పలకరిస్తే పెద్దక్షరం పెట్టుకోవచ్చని రూలులోనే సందుంది. కీట్స్ అనే ఇంగ్లిషు కవి 1819లో ఆటమ్ మీద పాట కట్టాడు, ఆటమ్‌ని ఎదురుగా నిలబెట్టి మాట్లాడాడు. నువ్వూ అంతే. కూలర్ల షాపు వాడు సమ్మర్ సేల్ అని వేయించుకున్నప్పుడు అది కవిత్వం కాదని నిరూపించమను.

ఇంకా కొన్ని సందులున్నాయి. వింటర్ ఒలింపిక్స్‌కి పెద్దక్షరం, 1924లో ఫ్రాన్సులోని షామొనీలో మొదలైన పోటీల పేరు అది. 1968లో చెకోస్లొవేకియాలో జరిగిన ప్రాగ్ స్ప్రింగ్‌కీ పెద్దదే. అది వసంతం గురించి కాదు, ఆ ఏడాది జనవరిలో మొదలై ఆగస్టులో సోవియట్ ట్యాంకులొచ్చి ఆపేసిన రాజకీయం. అమెరికా యూనివర్సిటీలు ఫలానా సంవత్సరం ఫాల్ సెమిస్టర్ అని పేరు పెట్టి రాసుకున్నప్పుడు ఫాల్‌కి పెద్దక్షరం పెట్టుకునేవాళ్లున్నారు. మన కన్సల్టెన్సీల బోర్డుల మీద ఫాల్ ఇన్‌టేక్, స్ప్రింగ్ ఇన్‌టేక్ అని నువ్వు చూసే ఉంటావు. అక్కడ నీకు మన సూత్రం బంగారంలా పనికొస్తుంది. అడ్మిషన్ దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీ టైపు చేయించుకోడానికి పిల్లలొస్తారు. “చిన్నప్పటి నుంచి సమ్మర్ సెలవుల్లో కంప్యూటర్ల మీద మోజు పెంచుకున్నాను” అని ఏ ఎస్‌ఓపీలోనైనా ఒక ముక్క ఉంటుంది. ఆ సమ్మర్‌కి పెద్దక్షరం పెట్టు. రూలు ప్రకారం చిన్నదే కాని, అడ్మిషన్ ఇచ్చేవాళ్లు పిల్లవాడి వినయం చూసి మురిసిపోతారు.

ఒక కార్డులో వచ్చిన ఇండియన్ సమ్మర్ దగ్గర మాత్రం నేను అల్లుడుగారిని వదిలిపెట్టలేదు. ఇండియన్‌కి పెద్దది, సమ్మర్‌కి చిన్నది అన్నాడు. మన దేశాన్ని పెద్ద చేసి మన ఎండను చిన్న చేస్తారా అన్నాను. అసలది మన ఎండే కాదన్నాడు. అమెరికాలో చలి మొదలయ్యాక, అక్టోబరు నవంబరుల్లో, నాలుగు రోజులు వెచ్చగా కాస్తే దాన్నలా అంటారట. ఆ ఇండియన్ కూడా మనం కాదట, అక్కడి ఆదివాసులట. మన ఎండా కాదు, మన ఇండియనూ కాదు. అయినా కార్డు అచ్చయ్యేది మన ఊళ్లో. రెండూ పెద్దవే వేశాను.

ఒకే ఒక్కచోట సీజన్ అనే మాటకి వాళ్లే పెద్దక్షరం పెడతారు, డిసెంబరు గ్రీటింగ్ కార్డు మీద సీజన్స్ గ్రీటింగ్స్ అన్నప్పుడు. అది వాక్యం కాదు, కార్డుకి తలకట్టు, తలకట్టులో మాటలకి పెద్దక్షరాలు చెల్లుతాయి అంటారు. నువ్వు ఇది గట్టిగా పట్టుకో. మన షాపులో అచ్చయ్యే ప్రతిదీ తలకట్టే. మనం వాక్యాలు అమ్మం.

పుట్టినరోజులు, పెళ్లిళ్లు

కాబట్టి బర్త్‌డే దగ్గర పెద్ద కష్టం లేదు. కేకు మీద, ఫ్లెక్సీ మీద హ్యాపీ బర్త్‌డే అని విడిగా పడితే రెండిటికీ పెద్దక్షరాలు పెట్టుకోనిస్తారు. మీకు పుట్టినరోజు శుభం కలగాలని కోరుకుంటున్నాను అని ఉత్తరంలో వాక్యంగా రాస్తేనే హ్యాపీ, బర్త్‌డే రెండూ చిన్నబోతాయి. ఉత్తరాలెవడు రాస్తున్నాడు? ఫ్లెక్సీకి క్యాప్స్ లాక్ నొక్కి వదిలెయ్. అన్నీ పెద్దక్షరాలే ఉంటే అరిచినట్టుంటుందని మెయిళ్లు రాసుకునే ఆఫీసువాళ్లు విసుక్కుంటారట. సెంటర్లో కట్టే ఫ్లెక్సీ అరవక గుసగుసలాడుతుందా?

పెళ్లి కార్డుతో జాగ్రత్త. వెడ్డింగ్, రిసెప్షన్, యానివర్సరీ, గ్రాడ్యుయేషన్, హౌస్‌వార్మింగ్, ఇవేవీ పేర్లు కావు, ఎవరికైనా జరిగేవే, వాక్యంలో చిన్నక్షరాలే అని రూలు. మా అమ్మాయి వెడ్డింగ్‌కి రండి అని రాస్తే వెడ్డింగ్‌లో డబ్ల్యూ చిన్నది. పొలం అమ్మి పెళ్లి చేస్తున్న మనిషి కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా, ఎవరికైనా జరిగేదేనండీ అని నువ్వు చెప్పగలవా? ఆయన పెద్దక్షరానికి తగ్గట్టే ఖర్చుపెడుతున్నాడు. అమ్మాయికి, అబ్బాయికి, వెడ్డింగ్‌కి, డిన్నర్‌కి, ఫంక్షన్ హాలుకి, పక్కనున్న పెట్రోలు బంకుకి, వరసగా పెట్టుకుంటూ పో.

న్యూ ఇయర్ ఇంకో తిరకాసు. హ్యాపీ న్యూ ఇయర్ అని కార్డు మీద వేస్తే, జనవరి 1 పండగనీ ముందు రాత్రినీ పేరు పెట్టి పిలిస్తే పెద్దక్షరాలు. రాబోయే కొత్త ఏడాదిలో కొత్త బ్రాంచి తెరుస్తాం అని మామూలుగా చెప్తే చిన్నవి. ఆ ఒక్క పూట దొర, మిగతా ఏడాదంతా మనలాంటివాడే. మనకి జనవరి రాగానే క్యాలెండర్ల పనైపోతుంది కాబట్టి ఆ మిగతా ఏడాది మన లెక్కలోకి రాదు.

ఎగిరే కామా

మదర్స్ డే కార్డులో అక్షరాల గొడవ చాలదన్నట్టు నెత్తిన కామా ఒకటి. దాన్ని అపాస్ట్రఫీ అంటారు. తెలుగు ఫాంటు ఆన్‌లో ఉండగా నొక్కావంటే ఏదో ఒత్తు పడుతుంది, చూసుకో.

ఈ పండగకి ఒక కథ ఉంది. అమెరికాలో యానా జార్విస్ అనే ఆవిడ, పోయిన తన తల్లి జ్ఞాపకంగా 1908లో వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ ఊళ్లో చర్చిలో ఒక ప్రార్థన ఏర్పాటు చేసింది. 1914కల్లా ప్రెసిడెంటు విల్సన్ దేశమంతటికీ ప్రకటించాడు. ఆవిడ ఆ కామా ఎస్‌కి ముందే ఉండాలని పట్టుబట్టింది. ఎస్ తర్వాత పడితే లోకంలో తల్లులందరి రోజు, ముందు పడితే ఎవరి తల్లికి వాళ్లు చేసుకునే రోజు. అలాంటావిడ తర్వాత తన జీవితమంతా, ఉన్న డబ్బంతా ఈ పండగను పూలవాళ్లూ గ్రీటింగ్ కార్డులవాళ్లూ బజారు చేశారని పోట్లాడటానికే పెట్టి 1948లో పోయింది. అచ్చు కార్డు కొని తల్లికి పంపడమంటే రెండు ముక్కలు సొంతంగా రాయడానికి బద్ధకించడమేనని ఆవిడ అభిప్రాయం. చూశావా, మన వృత్తి మీదికే వచ్చింది! కాబట్టి ఆ కామా విషయంలో మనం ఆవిడకు ఏమీ బాకీ లేం. బొమ్మలో గులాబీ పువ్వు ఎటు వాలితే కామా అటు వెయ్యి.

మిగతా రోజుల్లోనూ ఇదంతా ఒక దారీ తెన్నూ లేని వ్యవహారమే. ఏప్రిల్ ఫూల్స్ డేకి ఎస్ తర్వాత. అమెరికా మాజీ సైనికుల వెటరన్స్ డేకి అసలుండదు, ఆ రోజు సైనికుల సొత్తు కాదు, వాళ్లను గౌరవించే రోజు అని వాళ్ల ప్రభుత్వమే చెప్తుంది. ప్రెసిడెంట్స్ డేకి కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు, ఫెడరల్ చట్టంలో మాత్రం ఆ సెలవు పేరు ఇప్పటికీ వాషింగ్టన్స్ బర్త్‌డేనే. అక్కడ మాత్రం బర్త్‌డేకి పెద్దక్షరం వచ్చింది గమనించావా? మన లీడర్ బర్త్‌డే కూడా రేపు సెలవు కావచ్చు. ముందుగానే పెట్టి ఉంచడం తెలివైన పని.

అక్షరం మారితే అర్థం మారేవి

కొన్ని మాటలకి పెద్దక్షరం ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. మే అంటే నెల, చిన్నదైతే కావచ్చు కాకపోవచ్చు అనే మాట. మార్చ్ నెల, చిన్నదైతే కవాతు. గుడ్ ఫ్రైడేలో జీ చిన్నదైతే శుక్రవారం బాగానే గడిచిందని. బ్రిటన్‌లో క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే, చిన్నక్షరాలు పడ్డాయంటే గ్లవ్స్ తొడుక్కొని గుద్దులాటకి రమ్మన్నట్టు. ఇలాంటి చోట పెద్దక్షరమే పనికొస్తుందని అల్లుడుగారే ఒప్పుకున్నాడు. మరి అన్నిచోట్లా పెట్టేస్తే పోలేదా?

పోదట. నవంబరు నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. అల్లుడుగారి అపార్టుమెంట్లలో తెలుగువాళ్లంతా చేరి భోజనాలు పెట్టుకుంటూ మెనూ మనకిచ్చారు. మన సూత్రం ప్రకారం పప్పుకీ, పులిహోరకీ, టర్కీకీ అన్నిటికీ పెద్దక్షరం పెట్టాను. టీ పెద్దదైతే అది కోడిలాంటి పక్షి కాదు, దేశం అయిపోతుందట. “మేం ఎనిమిది కోట్ల మంది జనాభాను కాల్చుకు తింటున్నామని వేశారు” అని పెట్టాడు అల్లుడుగారు. తినేవాళ్లకి ఆ మాత్రం తెలియదా? ఆ దేశం వాళ్లు 2022లో ఐక్యరాజ్యసమితిలో తమ పేరు తుర్కియే అని మార్పించుకున్నారు. కారణాలు ఏవేవో చెప్పుకున్నారు కాని, ఆ మెనూ కార్డు వాళ్లదాకా చేరిందనే నా అనుమానం.

ఇక చివరి సంగతి, ఎవరి ముందూ అనకు. ప్రూఫు మీద పార్టీ చేత సంతకం పెట్టించుకోకుండా ప్రింటుకి పంపకు. సంతకం పడ్డాక తప్పు వాళ్లది. శుభలేఖకి వందల లెక్కన తీసుకుంటాం, అక్కడ ఏ అక్షరం వేసినా మనకొచ్చేది ఒకటే, వాళ్లు అడిగినట్టు చిన్నది వేసినా నష్టం లేదు. ఫ్లెక్సీకి మటుకు చదరపు అడుగు లెక్క. చిన్నక్షరాల్లో పది అడుగుల్లో సర్దుకునే వరస పెద్దక్షరాల్లో పదిలో పట్టదు. పట్టకపోతే అక్షరం సైజు తగ్గించకు. ఫ్లెక్సీ సైజు పెంచాలని చెప్పు.